మీకు తెలుసా? ఫరో కాలం నుంచి నేటిదాకా యూదుల విముక్తి పిలుపు

తాతముత్తాతల గొప్పలు చెప్పుకోని జాతి ఉండదు. యూదులకూ దావీదు, సొలొమోను వంటి రాజులున్నారు. అయినా వాళ్లు పస్కా పండుగనాడు పిల్లాపాపల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని, మన పూర్వీకులు ఐగుప్తు (ఈజిప్టు)లో రాజైన ఫరో దగ్గర వెట్టి చేసిన బానిసలని కథ మొదలుపెడతారు. ఆ కథ నుంచి వాళ్ల ధర్మం తీసిన నీతి సూటిగా ఉంటుంది: కాడి కింద నలిగినవాడు ఇంకొకరి మెడ మీద కాడి చూసి ఊరుకోకూడదు. ఆ పిలుపు ఎక్కడెక్కడ వినిపించిందో, ఎవరిని కదిలించిందో, ఎవరు విని కూడా చెవిన పెట్టలేదో చెప్పే కొన్ని విశేషాలివి.

1. పండుగ పళ్లెంలోనే చరిత్ర పాఠం

పస్కా రాత్రి యూదుల ఇళ్లలో జరిగే విందును సేదర్ అంటారు. పళ్లెంలో పెట్టే ప్రతి పదార్థం వెనకా ఒక జ్ఞాపకం ఉంది. పిండి పొంగేదాకా ఆగే తీరిక లేకుండా బయల్దేరినందుకు పొంగని రొట్టె. బానిస బతుకు చేదుకు చేదుకూరలు. కన్నీళ్లకు ఉప్పునీళ్లు. ఇటుక పనిలో తొక్కిన అడుసుకు గుర్తుగా ఆపిల్, గింజలు, ద్రాక్షరసం కలిపి నూరిన ముద్ద. ఇంట్లో అందరికంటే చిన్నవాళ్లు ఈ రాత్రికి ఇంత ప్రత్యేకత ఎందుకని నాలుగు ప్రశ్నలు అడుగుతారు. జవాబుగా పెద్దలు కథంతా చెబుతారు. తామే స్వయంగా ఐగుప్తు నుంచి బయటపడ్డట్టు ప్రతి తరమూ భావించాలన్నది నియమం.

ఐగుప్తు మీద పడిన పది తెగుళ్ల పేర్లు చదివేటప్పుడు ఒక్కో పేరుకీ ఒక్కో చుక్క ద్రాక్షరసం గ్లాసులోంచి తీసి పక్కన పెడతారు. బాధపడింది శత్రువులే అయినా, మన ఆనందం ఆ మేరకు తగ్గాలని పెద్దలు దానికి అర్థం చెబుతారు.

2. తొలి ధిక్కారం ఇద్దరు మంత్రసానులది

బైబిల్లోని నిర్గమకాండం అనగానే బానిసల్ని విడిపించి నడిపించిన మోషే గుర్తొస్తాడు. కానీ మోషే పుట్టకముందే ఫరో మాట కాదన్నవాళ్లు ఇద్దరున్నారు. హెబ్రీ స్త్రీలకు మగపిల్లలు పుడితే చంపేయమని ఫరో ఆజ్ఞాపించాడు. షిఫ్రా, పూయా అనే మంత్రసానులు ఆ పని చేయలేదు. పిలిపించి నిలదీస్తే, హెబ్రీ స్త్రీలు చురుకైనవాళ్లు, మేం వెళ్లేసరికే కాన్పు అయిపోతోందని చెప్పి తప్పించుకున్నారు. అంతటి చక్రవర్తి పేరేమిటో ఆ గ్రంథంలో ఎక్కడా లేదు. ఈ ఇద్దరు పనివాళ్ల పేర్లు మాత్రం ఉన్నాయి.

3. పారిపోయి వచ్చిన బానిసను పట్టివ్వకూడదు

పారిపోయిన బానిసను ఇంట్లో దాచినవాడికి బాబిలోను రాజు హమ్మురాబి శాసనం మరణశిక్ష వేసింది. యూదుల ధర్మశాస్త్రం దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచింది. యజమాని నుంచి తప్పించుకుని వచ్చిన బానిసను తిరిగి అప్పగించవద్దనీ, అతను తనకు నచ్చిన ఊళ్లో మీ మధ్యే ఉండనివ్వండనీ ద్వితీయోపదేశకాండం 23వ అధ్యాయం చెబుతుంది. ఆ కాలంలో బానిసత్వం ఆ సమాజంలోనూ ఉండేది. దాన్ని ధర్మశాస్త్రం పూర్తిగా రద్దు చేయలేదు. కానీ వారానికి ఒకరోజు బానిసకూ విశ్రాంతి ఇవ్వాలంది, పారిపోయినవాడికి రక్ష ఇచ్చింది. ఆ తర్వాత ఎన్నో శతాబ్దాలకు, 1850లో, పారిపోయిన బానిసల్ని యజమానులకు అప్పగించి తీరాలని అమెరికా చట్టం చేసిందంటే ఈ నియమం ఎంత ముందుందో అర్థమవుతుంది.

పరదేశిని బాధించవద్దు, మీరూ ఒకప్పుడు పరదేశులే అన్న హెచ్చరిక తోరా అనే ఆ ధర్మశాస్త్రంలో 36 చోట్ల వస్తుందని తాల్ముద్ పండితులు లెక్కగట్టారు. ఇన్నిసార్లు చెప్పిన ఆజ్ఞ మరొకటి లేదంటారు.

4. ఒట్టి ఉపవాసం చాలదు

యోమ్ కిప్పుర్ యూదులకు ఏడాదిలో అతి పవిత్రమైన రోజు. పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా పగలూ రాత్రీ ఉపవాసం ఉంటారు. ఆ రోజు ఉదయం ప్రార్థనలో చదివేది యెషయా ప్రవక్త గ్రంథంలోని ఒక ఘట్టం. దేవుడు కోరే ఉపవాసం తలవంచుకుని గోనెపట్ట కట్టుకోవడం కాదని, నలిగినవాళ్ల కాడి విరిచి విడిపించడం, ఆకలిగొన్నవాళ్లకు అన్నం పెట్టడమని ప్రవక్త అందులో మందలిస్తాడు. ఆకలితో కూర్చున్న భక్తులకు ఆ ఆకలే పుణ్యం కాదని చెప్పే పాఠాన్ని పెద్దలు ఏరికోరి ఆ రోజుకే పెట్టారు.

5. గుడి కట్టే దూలాలైనా అమ్మి చెర విడిపించాలి

12వ శతాబ్దంలో ఈజిప్టులో వైద్యుడిగా, ధర్మశాస్త్రవేత్తగా పేరుపొందిన మైమొనిడీస్ చెర విడిపించడాన్ని మించిన పుణ్యకార్యం లేదన్నాడు. పేదలకు తిండి, బట్ట ఇవ్వడం కంటే అది ముందు. ప్రార్థనామందిరం కోసం రాళ్లు చెక్కించి, దూలాలు చిత్రిక పట్టించి అంతా సిద్ధంగా ఉంచినా, బందీల విడుదలకు డబ్బు కావలసివస్తే వాటిని అమ్మేయాల్సిందే. ఇంకే పుణ్యకార్యానికీ వాటిని అమ్మకూడదు.

దీనికి మరో అంచు కూడా ఉంది. మితిమీరిన సొమ్ము ఇచ్చి విడిపిస్తే దుండగులు అదే పనిగా మనుషుల్ని ఎత్తుకుపోతారు కనుక, న్యాయమైన దానికి మించి చెల్లించకూడదని ప్రాచీన నియమం. జర్మనీలో 1286లో చెరబట్టిన రోథెన్‌బర్గ్ రబ్బీ (యూదు మతగురువు) మెయిర్ ఆ నియమాన్నే పట్టుకుని, తన కోసం పెద్ద మొత్తం చెల్లించవద్దని జనాన్ని వారించాడని సంప్రదాయం చెబుతుంది. ఆయన 1293లో చెరలోనే కన్నుమూశాడు. శవాన్ని ఇవ్వడానికి కూడా పాలకులు పద్నాలుగేళ్లు తీసుకున్నారు.

6. చక్రవర్తి బొమ్మ అరగదీసి స్వేచ్ఛ ముద్ర

క్రీ.శ. 132లో బర్ కోఖ్బా నాయకత్వంలో యూదులు రోము సామ్రాజ్యం మీద తిరగబడ్డారు. సొంత నాణేలు కావాలి. అందుకని చలామణీలో ఉన్న రోము నాణేల్నే తీసుకుని, వాటి మీది చక్రవర్తి బొమ్మను సుత్తితో కొట్టి, ఆకురాయితో అరగదీసి, పైన తమ ముద్ర వేశారు. కొన్నింటి మీద యెరూషలేము స్వేచ్ఛ గురించిన మాటలున్నాయి. 135లో తిరుగుబాటును రోము రక్తపుటేరుల్లో ముంచింది. ఆ నాణేలు మ్యూజియాల్లో ఉన్నాయి. కొన్నింటి మీద కొత్త ముద్ర కింద పాత చక్రవర్తి ఆనవాళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి.

7. అమెరికా గంట మీద లేవీయకాండం

ఫిలడెల్ఫియాలోని ప్రసిద్ధ స్వేచ్ఛా గంటను 1751లో తయారీకి ఇచ్చారు. దాని మీద చెక్కిన మాటలు లేవీయకాండం 25వ అధ్యాయంలోవి. యాభయ్యో ఏట దేశమంతటా విడుదల చాటించాలని చెప్పే ఘట్టం అది. బానిసత్వ నిర్మూలన ఉద్యమకారులు 1830ల్లో ఈ గంటను తమ గుర్తుగా ఎత్తుకున్నాకే దానికి స్వేచ్ఛా గంట అన్న పేరు స్థిరపడింది. 1776లో కొత్త దేశానికి రాజముద్ర ఎలా ఉండాలన్నప్పుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ సముద్రం ఒడ్డున మోషే, మునిగిపోతున్న ఫరో బొమ్మను సూచించాడు. అది ఆమోదం పొందలేదు.

8. బానిసల బైబిల్లో కత్తిరించిన కథ

ఐగుప్తు విడుదల కథలో ఎంత నిప్పుందో బానిసల యజమానులకు బాగా తెలుసు. 1807లో లండన్‌లో వెస్టిండీస్ బానిసల కోసమని ప్రత్యేకంగా ఒక బైబిల్ అచ్చువేశారు. అందులో పాత నిబంధన చాలావరకు మాయమైంది. ఇశ్రాయేలీయులు ఐగుప్తు బానిసత్వం నుంచి బయటపడే కథ ఎగిరిపోయింది. లోబడి ఉండమని చెప్పే మాటలు మాత్రం భద్రంగా ఉన్నాయి. అయినా ఆ కథ ఆగలేదు. అమెరికా తోటల్లో బానిసలు తమ పాటల్లో మోషేని పిలుచుకున్నారు. తాను తప్పించుకుని, మళ్లీ మళ్లీ వెనక్కి వెళ్లి ఎందరినో విడిపించిన హారియెట్ టబ్‌మన్‌ను మోషే అనే పిలిచారు.

9. ఒకే గ్రంథం, ఇద్దరు రబ్బీలు

యూదులంతా ఈ పిలుపు విన్నారనుకుంటే పొరపాటు. అమెరికాలో బానిసల్ని ఉంచుకున్న యూదులూ ఉన్నారు. 1861 జనవరిలో న్యూయార్క్ రబ్బీ మోరిస్ రఫాల్ బైబిల్ బానిసత్వాన్ని ఒప్పుకుంటుందని వేదిక మీది నుంచి బోధించాడు. బాల్టిమోర్‌లో రబ్బీ డేవిడ్ ఐన్‌హార్న్ దాన్ని తీవ్రంగా ఖండించాడు. బానిసల సంతతిగా విడుదలను ఏటా పండుగ చేసుకునేవాళ్లు బానిసత్వాన్ని ఎలా సమర్థిస్తారన్నది ఆయన వాదన సారం. బాల్టిమోర్ ఉన్న మేరీలాండ్ అప్పటికి బానిసలున్న రాష్ట్రం. ఏప్రిల్‌లో అల్లరిమూకలు రేగడంతో ఆయన కుటుంబంతో ఊరు వదిలి ఫిలడెల్ఫియా చేరాడు.

10. కుట్టుమిషన్ల దగ్గర నుంచి లేచిన గొంతు

1909 నవంబరు 22. న్యూయార్క్‌లోని కూపర్ యూనియన్ హాలు బట్టల కార్మికులతో కిక్కిరిసింది. పెద్దలు గంటల తరబడి ఆచితూచి మాట్లాడుతున్నారు. ఉక్రెయిన్ నుంచి వలసవచ్చిన 23 ఏళ్ల క్లారా లెమ్లిచ్ తనకు మాట్లాడే అవకాశం ఇవ్వమని లేచింది. అంతకు కొన్ని వారాల ముందే యజమానుల తరఫు రౌడీలు ఆమెను పక్కటెముకలు విరిగేలా కొట్టారు. మాటలు విని విని విసిగిపోయామనీ, వెంటనే సార్వత్రిక సమ్మెకు దిగుదామనీ యూదుల యిడ్డిష్ భాషలో చెప్పింది. సభంతా కుడిచేయి ఎత్తి, మాట తప్పితే ఈ చేయి ఎండిపోవాలని యూదుల పాత ప్రమాణం చేసింది. దాదాపు 20,000 మంది పని ఆపేశారు. వాళ్లలో ఎక్కువమంది పదహారు, ఇరవై ఏళ్ల యూదు అమ్మాయిలు.

11. గాంధీ పక్కన నిలిచి జైలుకెళ్లినవాళ్లు

దక్షిణాఫ్రికాలో గాంధీకి అతి దగ్గరి సహచరుల్లో ముగ్గురు యూదులున్నారు. వాస్తుశిల్పి హెర్మన్ కాలెన్‌బాక్ 1910లో జొహానెస్‌బర్గ్ దగ్గర 1,100 ఎకరాల భూమిని సత్యాగ్రహుల కుటుంబాలకు ఉచితంగా వదిలాడు. అదే టాల్‌స్టాయ్ ఫాం. హెన్రీ పోలాక్ పత్రికా బాధ్యతలు మోశాడు. సోన్యా ష్లెసిన్ గాంధీ కార్యదర్శిగా, నాయకులు జైలుకెళ్లినప్పుడు ఉద్యమాన్ని నడిపిన మనిషిగా నిలిచింది.

ఇందులో మనవాళ్ల కథా ఉంది. మద్రాసు రేవు నుంచి నాటాల్ చెరకు తోటలకూ బొగ్గు గనులకూ వెళ్లిన ఒప్పంద కూలీల్లో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఎందరో. ఒప్పందం ముగిసినా ఉండిపోయినవాళ్ల మీద 3 పౌన్ల తలపన్ను వేశారు. 1913 నవంబరులో దాని మీద సమ్మె కట్టి రెండు వేల మందికి పైగా కూలీలు నాటాల్ సరిహద్దు దాటి నడిచినప్పుడు గాంధీతో పాటు కాలెన్‌బాక్, పోలాక్‌లను కూడా జైల్లో వేశారు. మరుసటి ఏడాది ఆ పన్ను రద్దయింది.

12. పస్కా ముందురోజు మొదలైన యుద్ధం

1941 డిసెంబరు 31 రాత్రి, లిథువేనియాలోని విల్నా నగరంలో యూదుల్ని నిర్బంధించిన ఘెటోలో కొందరు యువకులు గంజికేంద్రంలో రహస్యంగా కలుసుకున్నారు. అప్పటికే ఆ ఊరి యూదుల్లో ఎక్కువమందిని నాజీలు పక్కనున్న పొనారీ అడవిలో కాల్చి చంపారు. 23 ఏళ్ల కవి అబ్బా కోవ్నర్ తాను రాసిన ప్రకటన చదివాడు. ఐరోపా యూదులందర్నీ తుడిచిపెట్టడమే హిట్లర్ పథకమనీ, తలవంచి చావకుండా ఎదురు తిరగాలనీ దాని సారాంశం. జరుగుతున్నది ఏదో ఒక ఊరికి పరిమితమైన హత్యాకాండ కాదని గుర్తించి, సాయుధ పోరాటానికి పిలిచిన తొలి ప్రకటనల్లో అది ఒకటి.

వార్సాలో నాలుగు లక్షలకు పైగా జనాన్ని గోడల మధ్య కుక్కిపెట్టారు. 1942 వేసవిలో వాళ్లలో ఎక్కువమందిని రైళ్లలో ట్రెబ్లింకా మృత్యుశిబిరానికి తోలారు. మిగిలినవాళ్లను ఖాళీ చేయించడానికి 1943 ఏప్రిల్ 19న జర్మన్ సైన్యం ఘెటోలోకి దిగింది. ఆ సాయంత్రమే పస్కా మొదలవుతుంది. పిస్తోళ్లు, చేతిబాంబులు, సీసాల్లో పెట్రోలు పట్టుకుని కొన్ని వందలమంది యువతీ యువకులు ఎదురు నిలిచారు. నాయకుడు మొర్దెకై అనీలెవిచ్‌కు 24 ఏళ్లు. జర్మన్లు ఇల్లిల్లూ తగలబెట్టుకుంటూ రావాల్సివచ్చింది. గెలుస్తామని ఆ యువతీ యువకుల్లో ఎవరూ అనుకోలేదు. అయినా దాదాపు నెలరోజులు పోరాడారు. కొద్దిమంది మురుగు కాలువల గుండా బయటపడ్డారు. వాళ్లలో ఒకడైన మారెక్ ఎడెల్‌మన్ తర్వాత గుండె వైద్యుడై, పోలండ్‌లోనే ఉండి, 1980ల్లో సాలిడారిటీ కార్మిక ఉద్యమంలోనూ నిలబడ్డాడు.

అదే ఘెటోలో మరో రకం పోరాటం కూడా నడిచింది. చరిత్రకారుడు ఇమాన్యుయెల్ రింగెల్‌బ్లూమ్ బృందం అక్కడి బతుకును కాగితం మీదికి ఎక్కించింది. డైరీలు, బడిపిల్లల వ్యాసాలు, రేషన్ కార్డులు, ట్రాం టికెట్లు, చాక్లెట్ కాగితాలు కూడా పోగుచేసి, రేకు పెట్టెల్లో, పాల క్యాన్లలో పెట్టి పాతిపెట్టారు. 1946లో పెట్టెలు, 1950లో రెండు పాల క్యాన్లు శిథిలాల కింద దొరికాయి. హంతకులే చరిత్ర రాసుకోకుండా అడ్డుకున్నవి ఆ కాగితాలే.

13. మార్టిన్ లూథర్ కింగ్ కంటే ముందు మాట్లాడిన రబ్బీ

1963 ఆగస్టు 28న నల్లవాళ్ల హక్కుల కోసం జరిగిన వాషింగ్టన్ సభలో కింగ్ చేసిన ప్రసంగం లోకమంతటికీ తెలుసు. సరిగ్గా ఆయనకు ముందు మైకు పట్టుకున్నది రబ్బీ జోకిం ప్రిన్స్. బెర్లిన్‌లో పనిచేస్తూ హిట్లర్‌ను విమర్శించినందుకు 1937లో దేశబహిష్కరణకు గురైన మనిషి. అక్కడ తాను నేర్చుకున్నదేమిటో ఆయన సభకు చెప్పాడు: ద్వేషం కంటే కూడా సిగ్గుచేటైన సమస్య, చూస్తూ నోరుమూసుకోవడం.

1964 జూన్ 18న ఫ్లోరిడాలోని సెయింట్ అగస్టీన్‌లో, కింగ్ పిలుపు అందుకుని వచ్చిన 16 మంది రబ్బీలు అరెస్టయ్యారు. మూడు రోజుల తర్వాత మిసిసిపీలో నల్లవాళ్ల ఓటు హక్కు కోసం పనిచేస్తున్న ముగ్గురు యువకుల్ని జాత్యహంకారులు చంపి, మట్టికట్ట కింద పాతిపెట్టారు. వాళ్లలో జేమ్స్ చేనీ నల్లజాతివాడు. ఆండ్రూ గుడ్‌మన్, మైకేల్ ష్వెర్నర్ న్యూయార్క్ యూదులు. మరుసటి ఏడాది అదే ఓటు హక్కు కోసం సాగిన సెల్మా పాదయాత్రలో ముందువరసలో నడిచిన రబ్బీ అబ్రహాం జాషువా హెషెల్, ఆ నడకలో తన కాళ్లే ప్రార్థన చేశాయని తర్వాత చెప్పుకున్నాడు. ఆయన వార్సాలో పుట్టినవాడు. తల్లినీ అక్కచెల్లెళ్లనూ నాజీల పాలనలో పోగొట్టుకున్నవాడు.

14. ఒకే కోర్టులో ముద్దాయి, ప్రాసిక్యూటర్

1963 జులై 11న దక్షిణాఫ్రికా పోలీసులు, జాతి వివక్షపై పోరాడేవాళ్లు దాగిన రివోనియాలోని లిలీస్‌లీఫ్ తోట మీద దాడిచేశారు. అక్కడ పట్టుబడ్డ తెల్లవాళ్లలో ఎక్కువమంది యూదు కుటుంబాల బిడ్డలు. తర్వాతి విచారణలో మండేలాతో పాటు యావజ్జీవం పడ్డవాళ్లలో ఒకే ఒక్క తెల్లవాడు డెనిస్ గోల్డ్‌బెర్గ్. జైల్లో కూడా రంగుభేదమే కనుక ఆయన్ను రాబెన్ దీవికి పంపకుండా, సహచరులకు దూరంగా ప్రిటోరియాలో ఉంచారు. మొత్తం 22 ఏళ్లు. ఆ కేసులో ప్రభుత్వం తరఫున వాదించిన పెర్సీ యూటర్ కూడా యూదుడే. పార్లమెంటులో 1961 నుంచి 13 ఏళ్లు తన పార్టీకి ఏకైక సభ్యురాలిగా నిలబడి జాతి వివక్షను నిలదీసిన హెలెన్ సుజ్మన్ కూడా యూదురాలే. నీ ప్రశ్నలు దేశం పరువు తీస్తున్నాయని ఒక మంత్రి అంటే, పరువు తీస్తున్నవి మీ జవాబులని ఆమె తిప్పికొట్టింది.

15. తిన్నగా నడవమంటే వంకర్లు తిరిగాడు

సోవియట్ యూనియన్‌లో యూదులు దేశం విడిచి వెళ్తామన్నా, హీబ్రూ నేర్చుకుంటామన్నా నేరంలా చూసేవారు. ఆ హక్కు కోసం పోరాడిన అనతోలి షరాన్‌స్కీని 1977లో అరెస్టు చేసి, గూఢచారి అని ముద్రవేశారు. తొమ్మిదేళ్ల జైలు తర్వాత 1986 ఫిబ్రవరిలో విడుదల. మాస్కోలో విమానం ఎక్కించబోతుంటే, జైల్లో తనకు తోడుగా ఉన్న చిన్న కీర్తనల పుస్తకం ఇచ్చేదాకా కదలనని మంచులో పడుకున్నాడు. పుస్తకం ఇచ్చారు. తూర్పు జర్మనీలో దిగాక, ఎదురుగా ఉన్న కారు దగ్గరికి తిన్నగా వెళ్లమన్నారు. ఆయన అటొక అడుగు, ఇటొక అడుగు వేస్తూ వంకర్లు తిరుగుతూ వెళ్లాడు. ఆఖరి క్షణంలో కూడా వాళ్ల ఆజ్ఞకు లొంగలేదు.

16. సొంత రాజ్యం వచ్చాక కూడా ఆగని ప్రశ్న

బలహీనుడిగా ఉన్నప్పుడు న్యాయం అడగడం సహజం. అధికారం చేతికొచ్చాక అదే న్యాయం పాటించడం కష్టం. ఇజ్రాయెల్‌లో 1988లో కొందరు రబ్బీలు మానవ హక్కుల కోసం ఒక సంస్థగా ఏర్పడ్డారు. ఆలివ్ కోతల కాలంలో దాడుల భయంతో ఉన్న పాలస్తీనా రైతులకు అడ్డుగా, తోడుగా తోటలకు వెళ్తారు. పరదేశిని బాధించవద్దన్న ఆ పాత ఆజ్ఞే వాళ్లకు ఆధారం. సొంతవాళ్ల నుంచే తిట్లు, దెబ్బలు తిన్నా మానలేదు.

17. గుంటూరు జిల్లాలో ఒక ప్రార్థనామందిరం

చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే చిన్న సమాజం ఉంది. మాదిగ కుటుంబాలకు చెందిన ఈ తెలుగువాళ్లు తాము ఇశ్రాయేలు గోత్రాల్లోని ఎఫ్రాయీము సంతతి అని నమ్ముతారు. 1980ల నుంచి యూదు ఆచారాలు పాటిస్తూ, సొంత ప్రార్థనామందిరం కట్టుకున్నారు. హీబ్రూ నేర్చుకుంటూ పస్కా జరుపుకుంటారు. వీళ్ల మీద 2013లో ఒక పరిశోధన గ్రంథం కూడా వచ్చింది. కుల వివక్షను ఎదిరించే దళిత చైతన్యానికీ వీళ్ల యూదు విశ్వాసానికీ ఉన్న ముడిని అది చర్చించింది. ఊరికి దూరంగా నెట్టేసిన వాడలో పుట్టినవాళ్లకు, బానిసలు తలెత్తుకుని నడిచి వెళ్లిన కథ ఎంత దగ్గరిదో ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇన్ని సంఘటనల్లోనూ యూదులు ఒక్కటిగా ఒకే పక్షాన నిలబడలేదు. రఫాల్ ఉన్నచోటే ఐన్‌హార్న్ ఉన్నాడు, యూటర్ ఉన్న కోర్టులోనే గోల్డ్‌బెర్గ్ ఉన్నాడు. పుట్టుకతో ఎవరూ విముక్తి పక్షాన చేరరు, ఆ పక్షాన్ని ఎంచుకోవాలి. మన పూర్వీకులు పడ్డ బాధను వాళ్ల మీద జాలికో, మన గర్వానికో వాడుకోవచ్చు. ఇవాళ ఎవరి మెడ మీద కాడి ఉందో వెతికి చూడడానికీ వాడుకోవచ్చు. ఆ రెండో పనే తన ఆజ్ఞ అని తోరా 36 సార్లు చెప్పింది. వెట్టిచాకిరీ తెలిసిన నేల మీద పుట్టిన మనకు కూడా ఆ ఆజ్ఞ అక్షరాలా వర్తిస్తుంది.